కుళాయి పెట్టని డబ్బా

పెద్దదోర్నాలలో, శ్రీశైలం వైపు బండ్లు తిరిగేచోట, ఒక టీ హోటలు ముందు కారు ఆపాను. నోటుపుస్తకాల పెట్టెలు స్కూళ్ళకు దించేసి ఖాళీ కారుతో కనిగిరి తిరిగి వస్తున్నాను. పక్కన ఒక తెల్ల కారు బానెట్ ఎత్తి ఉంది. ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు నడుము దాకా లోపలికి వంగి ఏదో బోల్టుతో కుస్తీ పడుతున్నాడు.

"అన్నా, పదిహేడో నంబరు స్పానరేమన్నా ఉందా?" అని అడిగాడు.

ఉంది. ఇవ్వబోతూ లోపలికి చూశాను. బ్యాటరీ పక్కన జానెడు ఎత్తు అల్యూమినియం డబ్బా. దానికి రెండు నల్లపైపులు, పైన మందపాటి మరమూత. అడుగు నున్నగా ఉంది, కుళాయి లేదు. అది ఎవరి చేతిపనో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇది మా బావ పెట్టింది కదా," అన్నాను.

"మార్కాపురం మేస్త్రీనా? మీకు బావా? నాకు పెదనాయన. మాది గిద్దలూరు," అంటూ అతను నడుము నిటారు చేశాడు. "ఆయన లేడు కదన్నా. పోయి నాలుగు నెల్లు దాటింది. ఆయాసం ఎక్కువైందంట. ఇప్పుడు ఇది వంపేవోళ్ళు లేక నేనే తిప్పలు పడతాండా."

స్పానరు అతని చేతిలో పెట్టి, చెప్పిన టీ కూడా తాగకుండా వచ్చి కారులో కూర్చున్నాను. ఆ నాలుగు నెలల్లో మార్కాపురం మీదుగా నేను రెండు మూడుసార్లన్నా పోయి ఉంటాను. ఒక్కసారీ ఆయన షెడ్డు దగ్గర ఆగలేదు. ఆగాల్సిన అవసరం నాకు లేకుండా పోయింది. అది ఎట్లా లేకుండా పోయిందో చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ చెబుతాను.

ముందు ఈ బావ, పెదనాయన సంగతి. మా ఇద్దరిలో ఎవరికీ ఆయన చుట్టం కాదు. షెడ్డులోకి బండి రాగానే ఆయన అడిగే మొదటి మాట బండికి ఏమైందని కాదు, "ఏ వూరు?" అని. ఊరు చెబితే చుట్టరికం తేల్చేవాడు. ఆయన తాత గిద్దలూరు నుంచి వచ్చాడట, కాబట్టి గిద్దలూరు వాళ్ళంతా అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు కొడుకులు. అక్కను చంద్రశేఖరపురం ఇచ్చారు, కాబట్టి అక్కడి కుర్రవాళ్ళు మేనల్లుళ్ళు. భార్యది కనిగిరి పక్క పల్లె. "అంటే నువ్వు నాకు బామ్మర్దివి," అని నా మొహం చూడకుండానే తీర్పు చెప్పేశాడు. నా కులమేదో, నా వయసెంతో ఆయనకు అనవసరం. ఒకసారి నెల్లూరు నుంచి వచ్చిన ఒకాయనకు ఏ వరసా కుదరక అరగంట తంటాలు పడ్డాడు. చివరికి ఆ మనిషి అత్తగారి ఊరు కనిగిరి అని బయటపడ్డాక, "అట్ల చెప్పు, తోడల్లుడివి," అని తేలికపడి అప్పుడు బానెట్ ఎత్తాడు.

ఒకసారి వరస తేలాక మరిచిపోయేవాడు కాదు. మనిషి పేరు మరిచిపోయేవాడు, వరస మాత్రం గుర్తుండేది. ఆయన పేరు నేనూ ఎప్పుడూ అడగలేదు. బావకు పేరెందుకు?

ఇంతమంది చుట్టాలున్న ఆ షెడ్డులో ఒక్క పెళ్ళిపత్రిక నా కంటపడలేదు. మా తమ్ముడి పెళ్ళికి నేనూ పిలవలేదు. పిలవకూడదని కాదు, తోచలేదు. పిలిచి ఉంటే వచ్చేవాడనీ, వచ్చి భోజనాల దగ్గర అందరికీ వరసలు కలిపేవాడనీ ఇప్పుడు అనిపిస్తోంది.

షెడ్డు గిద్దలూరు రోడ్డు మీద, మూతబడిన పలకల ఫ్యాక్టరీ ఆవరణలో ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆయన అదే ఫ్యాక్టరీలో రాయి కోశాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక అక్కడే రేకులు వేసుకుని మెకానిక్ అయ్యాడు. నేల నిండా పలకముక్కలు పరిచి ఉండేవి. ఆయన నడిస్తే కాళ్ళకింద అవి టకటకమనేవి, కాస్త దూరం నడిచాక ఆ చప్పుడు ఆగిపోయేది, ఆయన నిలబడి దగ్గేవాడు. దగ్గు తగ్గాక ఏం జరగనట్టు మాట అందుకునేవాడు.

నేను మొదటిసారి పోయింది ఒక మే నెలలో. స్కూళ్ళు తెరిచే ముందు మా వ్యాపారానికి అదే అదను. వెనక సీట్లు మడిచి నోటుపుస్తకాలు కుక్కి తిప్పేవాణ్ణి. కారు పాతది, టర్బో ఉన్న డీజిలు బండి. నల్లమల ఘాటు ఎక్కలేక పొగ కక్కుతోంది. ఒకరిద్దరు ఇంజను విప్పాలన్నారు. ఎవరో ఈయన దగ్గరికి పొమ్మన్నారు.

ఇంజను ఆడుతుండగానే ఆయన నూనె పోసే మూత తీశాడు. ఆ రంధ్రం మీద అరచెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టాడు. తర్వాత చెయ్యి తీసి, చెంప దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకున్నాడు. లోపలినుంచి పుసపుసమని వేడిగాలి వస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఆయన కళ్ళు తెరవకుండానే, "నవ్వబాకు బామ్మర్దీ, ఊపిరి లెక్క తప్పుతాది," అన్నాడు.

కాసేపటికి లేచి, "దీనికి ఆయాసం," అన్నాడు. "ముసిల్దయింది, రింగులు అరిగినయి. అయినా ఇంజను ఇప్పే పని లేదు. ఇది ఇడిసిన గాలి ఇదే పీలుస్తా ఉండాది. అది ఆపితే చాలు."

టర్బోకు గాలి వెళ్ళే పైపు ఊడదీసి, లోపల వేలు తిప్పి చూపించాడు. వేలు నల్లటి నూనెతో మెరిసింది. ఇంజనులో పుట్టే నూనె ఆవిరి బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుందట. దాన్ని బయటికి వదలకుండా, తిరిగి గాలి పీల్చే దారిలోనే కలుపుతారట. కొత్త బండికి అది పెద్ద లెక్క కాదు. పాతబడేకొద్దీ ఆ ఆవిరిలో నూనె ఎక్కువై, లోపల మసితో కలిసి జిడ్డుగా పేరుకుంటుంది. ఈ రెంటికీ మధ్య ఒక డబ్బా పెడితే, నూనె డబ్బాలో దిగిపోతుంది, గాలి మాత్రం ముందుకు పోతుంది. అంతే సంగతి.

ఈ డబ్బాలు కొనడానికి దొరుకుతాయి. ఆయన కొననిచ్చేవాడు కాదు. మందపాటి అల్యూమినియం గొట్టం కోయించి, అడుగు వెల్డింగు చేయించి, లోపల అంట్లు తోమే స్టీలు పీచు పొరలుపొరలుగా దట్టించేవాడు. నూనె తుంపర ఆ పీచుకు తగిలి చుక్కలై కిందికి జారుతుంది. ఖర్చు కలిసొస్తుందని నేను మా పెదనాన్న కొట్టునుంచి రెండు మీటర్ల ఆకుపచ్చ పైపు పట్టుకుపోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ వంచి, "ఇది మల్లెచెట్లకు నీళ్ళు పట్టేది. వేడి నూనె తగిల్తే వారంలో మెత్తబడి మూసుకుపోతాది. అప్పుడు బండి ఊపిరాడక నూనె ఆపే సీళ్ళన్నీ తన్నేస్తాది. మీ అంగడి తెలివి ఇంజను దగ్గర పనిచెయ్యదు," అన్నాడు. నూనెకు తట్టుకునే నల్లపైపు తనే తెప్పించాడు. వేడికి దూరంగా, చెయ్యి పోయేచోటు చూసి, బ్యాటరీ పక్కన ఇనుపపట్టీతో డబ్బా బిగించాడు. పైపు ఎక్కడా మడత పడకుండా, ఎక్కడా కిందికి వేలాడకుండా మూడుసార్లు విప్పి మూడుసార్లు పెట్టాడు. పొద్దున పోయినవాణ్ణి, సాయంత్రమైంది. మర్నాడు ఘాటు రోడ్డు ఎక్కి చూసుకుని, నిజంగానే సంతోషపడ్డాను.

ఆ సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు ఆయన ఒక పలక తీసి, బలపంతో నా కారు నంబరు, దాని కింద "కనిగిరి బామ్మర్ది", ఆ కింద ఆ రోజు తేదీ రాసి గోడకు తగిలించాడు. గోడ నిండా అట్లాంటి పలకలే. ఒక్కో డబ్బాకు ఒక్కో పలక.

"రెండు నెల్లకోసారి రా. డబ్బా నిండితే ఆ నూనె మళ్ళీ ఇంజనే తాగుతాది. నేను వంపి పంపుతా. దానికేం ఇయ్యబాకు," అన్నాడు.

అడుగున చిన్న కుళాయి పెడితే ఎక్కడివాళ్ళం అక్కడే వంపుకుంటాం కదా అని అప్పుడే అడిగాను. కుళాయి అదురుకు వదులై కారుతుందన్నాడు. నిజమేననుకున్నాను. మరోసారి అడిగితే, రాయి తగిలితే విరుగుతుందన్నాడు. బానెట్ కింద, బ్యాటరీ పక్కన ఉన్నదానికి రాయి ఎట్లా తగులుతుందో చెప్పలేదు. ఇంకోసారి, "మీరు రోడ్డు పక్కన వంపుతారు, బర్రెలు నాకుతాయి," అన్నాడు. బర్రెల మీద ఆయనకంత ప్రేమ ఉన్నట్టు అంతకుముందు నేనెరగను.

డబ్బా వంపడం ఐదు నిమిషాల పని. ఆయన దాన్ని గంటన్నర చేసేవాడు. పోగానే ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ నాకు వేసి, తను పాత టైరు మీద కూర్చునేవాడు. పక్కన టీ కొట్టు నడిపే ఆవిడను కేకేసి రెండు టీలు చెప్పేవాడు. ఎండలు, వానలు, ఏ ఊళ్ళో ఎవరి బండి ఎట్లా ఉంది, ఇవన్నీ అయ్యాక అప్పుడు స్పానరు పట్టేవాడు. డబ్బాలోది ఒక గాజుసీసాలోకి వంపి, వెలుతురుకేసి పట్టి చూసేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వాసన చూసేవాడు. ఆ తర్వాత నేనేం చేశానో నాకే చెప్పేవాడు.

"ఘాటు ఎక్కినావు. బరువేసుకొని, ఏసీ ఏసుకొని ఎక్కినావు." "ఇది సూడు, పాలు కలిసినట్టుంది. చలికాలం పొద్దున్నే బండి వేడెక్కకముందే ఆపేస్తా ఉండావు, నీళ్ళు చేరినయి. ఇంటినుంచి అంగడికి కారేందయ్యా, నడిచిపో." ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పేవాడు. తప్పు చెబితే ఒప్పుకునేవాడు కాదు.

ఒక ఏడాది జూన్‌లో సీసా చాలాసేపు చూసి, కిందపెట్టి, నా మొహం చూశాడు.

"ఇంజను ఆపకుండా యాడనో శానాసేపు నిలబెట్టినావు. ఏమయింది?"

నేను ఏమీ కాలేదన్నాను. ఆయన సీసా మూత బిగించుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి నేనే చెప్పాను. గిద్దలూరులో ఒక స్కూలు వాళ్ళు రమ్మని చెప్పి, పుస్తకాలన్నీ దించాక వద్దన్నారు. ఎండలో నేనే మళ్ళీ ఒక్కో పెట్టె కారులోకి ఎక్కించుకున్నాను. ఆ గేటు ముందే ఏసీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇంటికి పోయి ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ముక్క ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నూనె చూసి అదంతా కనుక్కోగలిగాడంటే నాకిప్పటికీ నమ్మకం లేదు. నా మొహం చూసే కనిపెట్టి ఉంటాడు. ఏదైతేనేం, ఆ సంవత్సరం ఏమయిందని నన్ను అడిగిన మనిషి ఆయనొక్కడే.

"కూర్చోని ఉంటే ఏమన్నా తేలిందా?" అన్నాడు.

"లేదు బావా."

"తేలదు. నేను రోజూ కూర్చుంటా కదా." నవ్వి, దగ్గి, ఇంకో రెండు టీలు చెప్పాడు. దగ్గు ఆగాక, "నాకూ ఆయాసమే. బండికైతే నేను డబ్బా పెట్టినా, నాకెవురు పెడతారు," అన్నాడు. అది హాస్యానికే అన్నాడు, నేనూ నవ్వాను.

భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఇంతకంటే ఆయన సంగతి నాకు తెలియదు. ఆయన నా సంగతి అడిగినట్టు నేను ఆయన సంగతి అడగలేదు. ఫోను ఉండేది కానీ మాట్లాడేవాడు కాదు. చేస్తే, "బండి లేకుండా ఏం మాట్లాడేది, రా," అని పెట్టేసేవాడు. ఉగాదికి కూడా షెడ్డు తెరిచే ఉండేది. పండగపూట డబ్బా వంపించుకోవడానికి ఎవరొస్తారు?

ఆ రోజే అనుకుంటాను, టీ తాగుతూ చనువుకొద్దీ నాలుగోసారి అడిగాను. "నిజం చెప్పు బావా, కుళాయి ఎందుకు పెట్టవు?"

ఈసారి కారుతుందనలేదు, బర్రెల ఊసెత్తలేదు. పలకముక్కను కాలితో అటూ ఇటూ జరిపాడు.

"కుళాయి పెడితే నువ్వు వస్తావా?" అన్నాడు.

నేను వెంటనే వస్తానని అనాల్సింది. మిగిలిన టీ తాగేసి గ్లాసు కింద పెట్టాను.

అంత తెలిసి కూడా నేను చేసిన పని చెబుతాను. తర్వాతి ఏడాదికి మార్కాపురం స్కూళ్ళ ఆర్డర్లు ఫోన్లోనే రావడం మొదలైంది, సరుకు లారీలో పోయేది. రెండు నెలలకోసారి డబ్బా కోసమే అంతదూరం పోయి, గంటన్నర కూర్చుని, అవే ఎండలూ వానలూ మాట్లాడి రావడం నాకు బరువనిపించసాగింది. ఒంగోలులో కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు అక్కడి మెకానిక్ ఆ డబ్బా చూసి, "ఇదేంటండీ, కుళాయి లేకుండా?" అని నవ్వాడు. పెట్టమంటారా అన్నాడు. పెట్టమన్నాను. టీ తాగి వచ్చేలోపు ఇత్తడి కుళాయి ఒకటి డబ్బా అడుగున మెరుస్తోంది.

ఆ తర్వాత ఒక్కసారే బావ దగ్గరికి పోయాను. మార్కాపురంలో వేరే పని ఉండి, దారిలో ఆగాను. కారు చప్పుడు వినగానే కుర్చీ వేశాడు. టీ చెప్పాడు. ఈసారి ముందే స్పానరు తీసుకుని బానెట్ ఎత్తాడు. చెబుదామనుకుంటూనే కుర్చీలో కూర్చున్నాను.

ఆయన వంగి చూశాడు. కుళాయి మీద వేలు పెట్టి అటూ ఇటూ కదిపాడు.

"ఎవురు పెట్టినారు?"

"ఒంగోల్లో, బావా. సర్వీసుకిస్తే వాళ్ళే..."

"గట్టిగా పెట్టినాడు. కారదు," అన్నాడు.

తిడతాడేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. స్పానరు పక్కన పెట్టి, సీసా తెచ్చి, ఆ కుళాయే తిప్పి ఉన్న కాస్త నూనె పట్టాడు. వెలుతురుకేసి చూశాడు. నేనెక్కడెక్కడ తిరిగానో ఏమీ చెప్పలేదు. గోడ మీది నా పలక తీసి, తడిగుడ్డతో తుడిచి, ఏమీ రాయకుండా మళ్ళీ అక్కడే తగిలించాడు.

"అప్పుడప్పుడు వస్తాలే బావా," అన్నాను.

"రా," అన్నాడు. కారు వెనక్కి తీస్తుంటే టైరుకు రాయి అడ్డం లేకుండా కాలితో తోశాడు. అంతే. నేను మళ్ళీ పోలేదు. ఆరునెలలు పోకపోతే సిగ్గనిపించింది, సిగ్గు వల్ల ఇంకో ఆరునెలలు పోలేదు.

దోర్నాలలో ఆ మాట విన్నాక నేరుగా మార్కాపురం వచ్చి గిద్దలూరు రోడ్డు ఎక్కాను. షెడ్డుకు తాళం వేసి ఉంది. కారు దిగి రేకుల సందులోంచి చూస్తే లోపల ఖాళీ. వెనక్కి కారు దగ్గరికి వచ్చాను. బానెట్ మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చానని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

పక్క టీ కొట్టు ఆవిడ నన్ను పోల్చుకోలేదు. దగ్గరికొచ్చి, ఎంతమందికో చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో అంది.

"డబ్బా వంపేదానికా నాయనా? అన్న లేడు, పోయినాడు. పోతే మమ్మల్నే మోసుకుపొమ్మని నాకూ మా ఆయనకూ ముందే చెప్పి పెట్టినాడు. మేమే మోసినాం. ఇప్పుడు రోజుకొకరు వస్తాండారు వంపమని. వచ్చినోళ్ళందరికీ నేనే చెప్తాండా."

"తెలుసక్కా. నా బండికి కుళాయి ఉంది, వంపే పనిలేదు."

"మరి ఏం పనిమీద వచ్చినావు?"

"ఏం పనిలేదు. ఊరికే వచ్చినా."

ఆవిడ లోపలికి పోయి టీ పోసి తెచ్చి, గ్లాసు నా చేతికిస్తూ అంది.

"ఆయనున్న దినాల్లో అట్ల ఊరికే ఒక్కరు రాలేదు నాయనా. వచ్చుంటే ఆ కుళాయిలేవో ఆయనే పెట్టేవోడు."